దోపిడీ, దొంగసొత్తు: చట్టం అల్లే కథ, మనం అల్లే కథ

మన విమర్శలో “దోపిడీ” అన్న మాట నలిగినంతగా మరో మాట నలిగి వుండదు. భూస్వామిది దోపిడీ, వడ్డీ వ్యాపారిది దోపిడీ, సామ్రాజ్యవాదానిది దోపిడీ. ఆ వాడుక తప్పని నేననడం లేదు. శ్రమించినవాడి చేతిలోంచి శ్రమఫలితాన్ని లాక్కోవడాన్ని చెప్పడానికి తెలుగులో ఇంతకన్న సూటి అయిన మాట దొరకదు. అయితే ఇదే మాట పోలీసు స్టేషన్లోనూ మేజిస్ట్రేటు కోర్టులోనూ కూడా రోజూ వాడుకలో వుంది. అక్కడ దోపిడీ అంటే ఒక సెక్షను, ఒక నిర్వచనం, ఇన్నేళ్ల శిక్ష. ఆ నిర్వచనంలో కూలి ఎగ్గొట్టిన యజమానికి చోటు లేదు, చక్రవడ్డీ కింద పొలం రాయించుకున్నవాడికి చోటు లేదు. చీకట్లో గొడ్డలి పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడ్డవాడికి చోటుంది. ఒకే మాటకు రెండు అర్థాలు నడుస్తున్నప్పుడు, రెండో అర్థం ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోకుండా మొదటి అర్థంతో సరిపెట్టుకోవడం రచయితకు చాలదు.

వృత్తిరీత్యా క్రిమినల్ కోర్టుల్లో తిరిగేవాణ్ణి, అభిరుచిరీత్యా కథలు చదివేవాణ్ణి కనక ఈ రెండు అర్థాల మధ్య నేను చాలాకాలంగా వున్నాను. దొంగల గురించి మనవాళ్లు రాసిన కథల్లో చాలా భాగం “ఎందుకు దొంగిలించాడు?” అన్న ప్రశ్నకు జవాబుగా రాసినవి. జవాబు కూడా ఒకటే: ఆకలి. కథ అక్కడికి చేరాక పోలీసు వస్తాడు, సంకెళ్లు పడతాయి, పాఠకుడి గుండె బరువెక్కుతుంది. కాని సంకెళ్లు పడ్డ తరువాత ఆ మనిషిని చట్టం అడిగే ప్రశ్నలు వేరు. ఎంతమంది వున్నారు? చేతిలో ఏముంది? ఏ వేళ, ఏ చోట? ఈ వస్తువు నీ దగ్గరికి ఎట్లా వచ్చింది? దురుద్దేశం వుందా లేదా అని చట్టం చూస్తుంది గాని, ఆ ఉద్దేశం ఎందుకు పుట్టిందో దానికి అక్కర్లేదు. ఆకలివల్ల లాక్కున్నా, దురాశవల్ల లాక్కున్నా నేరం ఒకటే. “ఎందుకు” అన్న ప్రశ్న తీర్పు వచ్చాక, శిక్ష ఎంత వేయాలన్న ఘట్టంలో ఒక పక్కన కూర్చుంటుంది. అంతే.

ఆ ప్రశ్నల్లో చివరిది, ఈ వస్తువు నీ దగ్గరికి ఎట్లా వచ్చింది అన్నది, అన్నిటికన్న కఠినమైనది. దాని దగ్గరికి వెళ్లేముందు మిగతావి చూద్దాం.

భారత శిక్షాస్మృతికి మెకాలే నాయకత్వాన 1837లో ముసాయిదా తయారైంది. 1860లో అది చట్టమైంది, 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత నడుస్తున్నది. అంకెలు మారాయి గాని మనం మాట్లాడుకుంటున్న విషయంలో ఎముకల గూడు మారలేదు. ఈ చట్టానికి ఒక సాహిత్య లక్షణం వుంది. దాన్ని సాహిత్య విద్యార్థులు గమనించినట్టు లేదు. ప్రతి ముఖ్యమైన నిర్వచనం కింద చిన్న చిన్న కథలుంటాయి. వాటిని ఉదాహరణలంటారు. దోపిడీ కింద నాలుగు కథలున్నాయి. “ఏ” అనేవాడు “జెడ్” అనేవాణ్ణి కింద పడేసి పట్టుకుని బట్టల్లోంచి డబ్బూ నగలూ తీసుకుంటాడు: దోపిడీ. “ఏ” రహదారిలో “జెడ్”కు ఎదురుపడి పిస్తోలు చూపించి డబ్బుసంచి అడుగుతాడు, అతను ఇచ్చేస్తాడు: దోపిడీ. మూడో కథలో “జెడ్” వెంట బిడ్డ వుంటుంది. “ఏ” ఆ బిడ్డను పట్టుకుని, సంచి ఇవ్వకపోతే లోయలోకి విసిరేస్తానంటాడు: ఇదీ దోపిడీయే. నాలుగో కథలో “ఏ” వచ్చి, నీ బిడ్డ మా ముఠా చేతుల్లో వుంది, పదివేలు పంపకపోతే చంపుతాం అంటాడు. ఇది దోపిడీ కాదు, బలవంతపు వసూలు. ఆ క్షణానే బిడ్డ ప్రాణం పోతుందన్న భయం తండ్రికి కలిగితే తప్ప దోపిడీ కాదు.

కథానికకు కావలసిన క్లుప్తత ఇందులో వుందని నేను ఒప్పుకుంటాను. లోయ అంచున బిడ్డ అన్న దృశ్యం మంచి కథకుడికి గాని తట్టదు. కాని “ఏ”కు కులం లేదు, ఊరు లేదు, నిన్న రాత్రి తిన్నాడో లేదో తెలియదు. “జెడ్” సంచిలోకి ఆ డబ్బు ఎట్లా వచ్చిందో అసలే తెలియదు. చట్టంలో కథ ఎప్పుడూ సంచి “జెడ్” చేతిలో వుండగా మొదలవుతుంది. మన సాహిత్యం చేయగల పని అంతకుముందు ఘడియలో వుంది. అట్లాగని తరువాతి ఘడియను వదిలేస్తే ఎట్లా?

ఒక ఉదాహరణ నేనే అల్లుతాను. నల్లమల ఘాట్ రోడ్డు, రాత్రి పదిన్నర. కొందరు మనుషులు రాళ్లు అడ్డం పెట్టి లారీ ఆపారు. ఒకడి చేతిలో గొడ్డలి. ఇద్దరు డ్రైవరు జేబులూ, వెనక కూర్చున్న వ్యాపారి సంచీ, అతని భార్య మెడలో గొలుసూ తీసుకున్నారు. ఒకడు మూటలు మోశాడు. ఇంకొకడు కొంచెం ఎగువన మలుపు దగ్గర నిలబడి వచ్చేపోయే బండ్లను కనిపెడుతున్నాడు. వాడు ఎవర్నీ ముట్టుకోలేదు, ఎవర్నీ తిట్టలేదు.

మలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి తీసేస్తే నలుగురు. నలుగురు చేస్తే దోపిడీ. పదేళ్ల వరకు శిక్ష, అదీ రహదారి మీద, పొద్దుగూకినప్పటి నుంచి పొద్దు పొడిచేలోపు అయితే పద్నాలుగేళ్ల వరకు. ఐదుగురైతే అది “డెకాయిటీ”, మన మాటలో బందిపోటు. పదేళ్ల వరకు కఠిన శిక్ష గాని యావజ్జీవం గాని. అక్కడ వుండి సాయపడినవాణ్ణి కూడా లెక్కలో కలుపుకోవాలని నిర్వచనమే చెబుతున్నది. అంటే కొండ మలుపులో ఒంటరిగా నిలబడ్డ ఆ మనిషి తను చేసిన పనివల్ల కాక, తను ఐదోవాడు కావడంవల్ల మిగిలిన నలుగురి నేరాన్ని పెంచాడు, వాళ్ల నేరాన్ని తను మోశాడు. గొడ్డలి దెబ్బకు డ్రైవరు చనిపోతే ఐదుగురూ మరణశిక్షకు అర్హులే. చంపాలని ముందుగా అనుకున్నారా లేదా అన్న మీమాంస వాళ్లను కాపాడదు.

దీనికి ఎదురుగా ఇంకో నియమం వుంది. మారణాయుధం ఉపయోగించినవాడికి ఏడేళ్లకు తగ్గకుండా శిక్ష వేయాలన్నది పాత స్మృతిలో 397, కొత్త సంహితలో 311. ఇది మాత్రం ఐదుగురికీ అంటదు. గొడ్డలి పట్టినవాడికే అంటుంది. సుప్రీంకోర్టు ఈ మాటను 2021లో కూడా మళ్లీ స్పష్టం చేసింది. “ఉపయోగించడం” అంటే నరకడమేనా? ఢిల్లీలో ఒక పెట్రోలు బంకు దోపిడీ కేసులో 1975లో ఇదే కోర్టు, కత్తి దూయనక్కర్లేదు, ఎదుటివాడికి భయం పుట్టేట్టు కనిపిస్తే చాలు, అది ఉపయోగించడమే అన్నది. మన కథల్లో గొడ్డలి చాలాసార్లు అలంకారంగా వస్తుంది. కోర్టులో అది ఏడేళ్లు.

ఐదు అంకె ఎంత బలమైనదో అంత పెళుసైనది కూడా. 1983లో ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లేసరికి మిగతా నిందితులంతా విడుదలై ఒక్కడే మిగిలాడు. ఒక్కడు బందిపోటు కాలేడు కనక ఆ శిక్ష నిలవలేదు. ఐదుగురికి తక్కువ మందికి శిక్ష పడకూడదని దీని అర్థం కాదు. ఐదుగురు పాల్గొన్నారని, మిగిలినవాళ్లు దొరకలేదని కోర్టు నిర్ధారిస్తే దొరికినవాళ్లకు శిక్ష వేయవచ్చు. ఎఫ్.ఐ.ఆర్.లో “మరికొందరు గుర్తు తెలియని వ్యక్తులు” అన్న మాట ఎందుకు వస్తుందని నన్ను ఒక కథకుడు అడిగాడు. సగం జవాబు ఇక్కడ వుంది.

ఈ అంకె రాజకీయాల్లోనూ పనిచేసింది. 1925 ఆగస్టు 9న లక్నో దగ్గర కాకోరీలో విప్లవకారులు రైలు ఆపి ప్రభుత్వ ఖజానా డబ్బు తీసుకున్నారు. తుపాకి పేలి ఒక ప్రయాణికుడు చనిపోయాడు. చక్రవర్తి మీద యుద్ధానికి కుట్ర అన్న ఆరోపణతో పాటు, హత్యతో కూడిన బందిపోటు అన్న 396 కూడా వాళ్ల మీద మోపారు. 1927 డిసెంబరులో నలుగురిని ఉరి తీశారు. మూడేళ్లు ముందు, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి అల్లూరి సీతారామరాజు దళం తీసుకుపోయిన తుపాకులు కూడా చట్టం కళ్లకు దోపుడు సొత్తే. చట్టం ఉద్దేశాన్ని అడుగుతుంది, కారణాన్ని అడగదు అని పైన అన్నాను. దాని పరిణామం ఇంత దూరం పోతుంది.

ఇక సొత్తు సంగతి.

మన సాహిత్యంలో దొంగసొత్తు కేసులు రెండు సుప్రసిద్ధమైనవి. సాహిత్య విద్యార్థులు రెండింటినీ పరీక్షలకు చదివే వుంటారు, కాని కేసులుగా చదివి వుండరు. మొదటిది శాకుంతలం ఆరో అంకం మొదట్లోది. ఒక జాలరి రాజముద్రిక అమ్మబోతూ దొరికిపోతాడు. ఇద్దరు రక్షకభటులు వాణ్ణి చేతులు వెనక్కి కట్టి కొడుతూ తీసుకొస్తుంటారు. వెనకాల నగరపాలకుడైన రాజుగారి బావమరది. ఎక్కడ దొంగిలించావంటారు. వాడు దొంగిలించలేదంటాడు. అయితే రాజుగారు నిన్ను గొప్ప బ్రాహ్మణుడివని దానమిచ్చారా అని వెక్కిరిస్తారు. వాడు తన వృత్తి చెబితే దాన్నీ ఎగతాళి చేస్తారు. చేపను కోస్తే కడుపులో వుంగరం దొరికిందని వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ వుంగరం అసలు దొంగతనానికే గురి కాలేదు, నీళ్లలో జారిపోయింది. అయినా దారి పొడవునా వాడు దొంగే. వధ్యస్థానానికి తీసుకుపోయే ముందు మెడలో వేసే పూలదండ కట్టడానికి తన చేతులు తహతహలాడుతున్నాయంటాడు ఒక భటుడు. రాజు వుంగరాన్ని గుర్తుపట్టి బహుమానం పంపగానే అంతా తలకిందులవుతుంది. జాలరి అందులో సగం భటులకు ఇస్తాడు, పూల ఖరీదుకని. అందరూ కలిసి సారా కొట్టుకు పోతారు. లంచం అనే మాట లేకుండా లంచాన్ని ఇంత చక్కగా చూపిన దృశ్యం నాకు మరొకటి తెలియదు.

రెండోది మృచ్ఛకటికం తొమ్మిదో అంకం. వసంతసేనను చంపాడన్న ఆరోపణ మీద చారుదత్తుడు న్యాయసభలో నిలబడి వున్నాడు. అంతవరకు సాక్ష్యం ఊగిసలాడుతూ వుంటుంది. ఆ సమయంలో వచ్చిన మైత్రేయుడి చంకలోంచి వసంతసేన నగలు జారి కింద పడతాయి. అంతటితో కేసు ముగిసింది. చారుదత్తుడి కొడుకు మట్టిబండితో ఆడుకోనని ఏడిస్తే, బంగారుబండి చేయించుకోమని వసంతసేనే ఆ నగలు బండిలో పోసింది. ఈ నిజాన్ని న్యాయాధికారికి చెబితే నమ్ముతాడా? వేశ్య తన వొంటి నగలు తీసి ఎవరో బీదవాడి కొడుకు ఆడుకునే బొమ్మబండిలో పోసిందట!

ఈ రెండు దృశ్యాల్లోనూ పనిచేసిన తర్కాన్ని 1872లో స్టీఫెన్ రూపొందించిన సాక్ష్య చట్టం 114వ సెక్షను మొదటి ఉదాహరణగా పెట్టింది. కొత్త సాక్ష్య అధినియమంలో అది 119. దాని సారం ఇది: దొంగతనం జరిగిన కొద్దికాలంలోనే ఆ సొత్తు ఎవరి దగ్గర దొరికితే, ఎట్లా వచ్చిందో అతను చెప్పుకోలేకపోతే, అతనే దొంగ అని గాని, దొంగసొత్తని తెలిసి పుచ్చుకున్నాడని గాని కోర్టు ఊహించవచ్చు. “ఊహించవచ్చు”నని గమనించండి, “ఊహించి తీరాలి” కాదు. “కొద్దికాలం” ఎంతో కూడా చట్టం చెప్పదు. చేతులు మారే నాణెమైతే రోజుల లెక్క, సులభంగా చేతులు మారని వస్తువైతే ఇంకా ఎక్కువ. 1983లో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో ఇంటి పనివాడి దగ్గర దాదాపు ఏడాది తరువాత నగలు దొరికినా ఈ ఊహ వర్తిస్తుందని సుప్రీంకోర్టు అన్నది.

ఇదే సెక్షనులో ఇంకాస్త కిందికి దిగితే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే ఒక వాక్యం వుంది. ఈ ఊహ వర్తిస్తుందో లేదో ఆలోచించేటప్పుడు గుర్తుంచుకోవలసిన సంగతి అంటూ చట్టం ఒక దుకాణదారును తీసుకొస్తుంది. అతని గల్లాపెట్టెలో గుర్తు పెట్టిన దొంగరూపాయి దొరికింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో అతను చెప్పలేడు. కాని వ్యాపారంలో అతనికి రోజంతా రూపాయలు వస్తూనే వుంటాయి గదా! అంచేత చెప్పలేకపోవడం అతని విషయంలో అంత అనుమానాస్పదం కాదు. న్యాయమైన మాటే. అయితే చట్టం ఆ కోవలో మరో ఇద్దర్ని ఊహించలేదు. రైలుపట్టాల వెంట చెత్త ఏరుకునేవాడికీ, సంతలో పాత ఇనుము కొనేవాడికీ వస్తువులు రోజంతా వస్తూనే వుంటాయి. వాళ్లకు గల్లాపెట్టె లేదు. లెక్కల పుస్తకం లేదు. “ఎట్లా వచ్చిందో చెప్పు” అన్న ప్రశ్న అందరికీ ఒకటే గాని, జవాబు చెప్పే సాధనాలు, అంటే రశీదు, ఖాతా, నమ్మదగిన సాక్షి, అవి ఆస్తి వున్నవాడి దగ్గరే పెరుగుతాయి. నిందితుడి వివరణ నిస్సందేహంగా రుజువు కానక్కర్లేదు, సంభావ్యంగా వుంటే చాలు అని కోర్టులు చెబుతూనే వున్నాయి. కాని ఏది సంభావ్యం? చేప కడుపులో వుంగరం సంభావ్యమా? విక్టర్ హ్యూగో నవలలో బిషప్పు వెండి సామానుతో దొరికిన జీన్ వాల్జీన్ను ఆ బిషప్పే “నేనే ఇచ్చాను” అని విడిపిస్తాడు. సొంతదారు నోరు తప్ప బీదవాడికి రశీదు లేదని హ్యూగోకు తెలుసు.

మన లారీ కథకు మళ్లీ వద్దాం. మలుపు దగ్గర నిలబడ్డవాడి వాటాకు గొలుసు వచ్చింది. వాడు దాన్ని భార్యకిచ్చాడు. ఆమె బియ్యం డబ్బాలో దాచింది. తరువాత సంతరోజున ఒక కంసాలికి అమ్మింది. వీళ్లిద్దరి సంగతేమిటి?

దొంగసొత్తని తెలిసి గాని, అట్లా నమ్మడానికి కారణం వుండి గాని దురుద్దేశంతో పుచ్చుకుంటే మూడేళ్ల వరకు శిక్ష. పాత స్మృతిలో ఇది 411, ఇప్పుడు 317లో భాగం. అది బందిపోటులో వచ్చిన సొత్తని తెలిస్తే శిక్ష యావజ్జీవం దాకా పోతుంది, బందిపోటు చేసినవాడితో సమానంగా. అలవాటుగా ఈ వ్యాపారం చేసేవాడికీ అంతే. ఇక్కడ కథకులు గమనించవలసిన సంగతి ఒకటి చట్టంలో దాగి వుంది. బందిపోట్లకు ఆశ్రయమివ్వడం నేరం గాని, ఆశ్రయమిచ్చింది భర్త గాని భార్య గాని అయితే నేరం కాదని ఒక మినహాయింపు పాత 216ఏలో వుంది, కొత్త సంహితలోనూ వుంది. సొత్తు దాచడానికి అట్లాంటి మినహాయింపు లేదు. భర్తను అటక మీద దాచిన భార్యను చట్టం క్షమిస్తుంది. అదే భర్త తెచ్చిన గొలుసును బియ్యం డబ్బాలో దాచిన భార్యను క్షమించదు. దాంపత్యాన్ని గౌరవించే చట్టం సొత్తు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోయిందన్న ప్రశ్న మీద ఒక నవల రాయవచ్చు.

కంసాలి విషయంలో తగవంతా “తెలుసా” అన్న మాట చుట్టూ తిరుగుతుంది. చవగ్గా కొన్నాడు కనక తెలిసే కొన్నాడని పోలీసులంటారు. సొత్తు దొంగదని నిందితుడికి తెలుసునన్న విషయాన్ని ప్రాసిక్యూషనే రుజువు చేయాలని 2022లో కూడా సుప్రీంకోర్టు చెప్పి ఒక శిక్షను కొట్టేసింది. బంగారం కరిగిపోతే ఆనవాలు పోతుంది. ముద్దను చూపించి ఇది ఫలానా ఆమె గొలుసు అని ఎవరు చెప్పగలరు? అందుకే కొలిమి దాకా పోయిన కేసూ, పోని కేసూ ఒకటి కావు.

“దొరకడం” అన్న మాటకూ అర్థం చెప్పుకోవాలి. నలుగురూ తిరిగే బయలు పొలంలో పాతిపెట్టిన నగలు చూపించినంత మాత్రాన అవి ఆ మనిషి స్వాధీనంలో వున్నట్టు కాదని సుప్రీంకోర్టు 1954లోనే అన్నది. మరి చూపించడానికి విలువేమీ లేదా? ఇక్కడే సాక్ష్య చట్టంలో ప్రసిద్ధమైన 27వ సెక్షను వస్తుంది. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం సాక్ష్యానికి పనికిరాదు. కాని కస్టడీలో వున్నవాడు చెప్పిన మాటవల్ల ఏదైనా బయటపడితే, బయటపడడానికి కారణమైనంత మేరకు ఆ మాట పనికొస్తుంది. “నేనే దోచాను, గొలుసు పేడదిబ్బలో పాతాను, చూపిస్తాను” అంటే మొదటి మాట పోతుంది, చివరి రెండూ మిగులుతాయి. ఈ కత్తిరింపు ఎట్లా చేయాలో దేశమంతటికీ నేర్పింది గుంటూరు జిల్లా నుంచి ప్రీవీ కౌన్సిలు దాకా పోయిన ఒక తెలుగు కేసు, 1947 నాటి పులుకూరి కోటయ్య కేసు. ఇప్పటికీ ప్రతి సెషన్సు కోర్టులో ఆ పేరు వినిపిస్తుంది. వస్తువు దొరకడం కాదు, ఆ వస్తువు అక్కడ వుందని అతనికి తెలుసుననడం బయటపడిన విషయం, అన్నది ఆ తీర్పు సారం. ఒక మనిషి మాటలో సగం నిజం, సగం శూన్యం అని చట్టం అంటున్నది. రచయితలు ఈ సగం మాట మీద ఆలోచించాలి.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. పోలీసు పత్రికా సమావేశాల్లో బల్ల మీద నగలూ నోట్ల కట్టలూ పరిచి, వెనక ముసుగులు వేసిన మనుషుల్ని నిలబెట్టి ఫొటోలు తీస్తారు. మర్నాడు పేపర్లో “దోపిడీ ముఠా పట్టివేత”. నేను పైన చెప్పిన మెట్లు, ఎవరి స్వాధీనం, ఎంతకాలం, తెలుసా, సొంతదారు గుర్తుపట్టాడా అన్నవి, వీటిలో ఏ ఒక్కటీ ఆ ఫొటోలో వుండదు. బల్ల మీద సొత్తే తీర్పు. ఆ ఫొటోను చూసి రాసిన కథ, బీదవాడి మీద ఎంత జాలితో రాసినా, పోలీసు చెప్పిన కథనే తిరిగి చెబుతుంది. ఆకలివల్ల దొంగిలించాడన్నప్పుడు దొంగిలించాడని ముందే ఒప్పుకున్నామన్న మాట. అసలు దొంగిలించాడా అన్న ప్రశ్న వేసే కథలు ఎన్ని వున్నాయి?

ఈ ప్రశ్నను పూర్తిగా రద్దు చేసిన చట్టం ఒకటి వుండేది. థగ్గుల పేరుతో 1836లో వచ్చిన చట్టం, ముఠాకు చెంది వుండడమే నేరమన్నది. బందిపోట్ల విషయంలో 1843లో అదే సూత్రాన్ని అనుసరించారు. ఆ ఆలోచన శిక్షాస్మృతిలో 400, 401 సెక్షన్లుగా ఇంకింది. కొత్త సంహితలోనూ మిగిలింది. అక్కడి నుంచి మరో అడుగు వేస్తే 1871 నాటి నేరస్థ తెగల చట్టం. ముఠాకు బదులు కులం. 1911 సవరణ తరువాత అది మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం వెలిసింది. ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చారు. హాజరు పట్టీ, ఊరు దాటాలంటే చీటీ. ఈ ఎరుకలు అంతకు ముందు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ ఊరూరా తిప్పిన వర్తకులు. రైళ్లూ, సర్కారు ఉప్పు విధానమూ ఆ వర్తకాన్ని దెబ్బ తీశాయని మీనా రాధాకృష్ణ పరిశోధన చూపించింది. వర్తకం పోయినవాడికి రశీదు ఎక్కడిది? 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అయినా 1991లో ఆ ఊరి పేరు తలకెత్తుకుని రెండు తెలుగు సినిమాలొచ్చాయి, 2023లో అక్కడి దొంగ పేరుతో మరొకటి వచ్చింది. చట్టపుస్తకంలోంచి కొట్టేసిన వాక్యాన్ని వాల్‌పోస్టరు ఇంకా చదువుతూనే వుంది.

రావిశాస్త్రి విశాఖలో ప్లీడరుగా వుంటూ మద్యనిషేధం కాలపు పోలీసుల్నీ ప్లీడర్లనీ సారా వ్యాపారుల్నీ ఆరు సారా కథల్లోకి తెచ్చాడు. ఆయనకు దొరికిన బలం జాలి కాదు, ఒక కేసు ఎట్లా తయారవుతుందో మొదటి కాగితం నుంచి తెలియడం. దోపిడీ కేసులో ఆ మొదటి కాగితాల్లో ఒకటి పంచనామా. కోస్తాలో మధ్యవర్తుల నివేదిక అంటారు. ఫలానా చోట, ఫలానా వేళ, ముద్దాయి చూపించగా గొలుసు స్వాధీనం చేసుకున్నాం అని రాసి ఇద్దరు “గౌరవనీయులైన” స్థానికుల చేత సంతకాలు పెట్టించాలని చట్టం. ఆ గౌరవనీయులు ఎక్కడ దొరుకుతారు? స్టేషనుకు ఎదురుగా టీ కొట్టువాడు, గ్రామ నౌకరు, పక్క సందులో జిరాక్సు కొట్టు కుర్రాడు. 2024 నుంచి సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలన్న నియమం వచ్చింది. మంచిదే. కెమెరా పేడదిబ్బ దగ్గర తెరుచుకుంటుంది. స్టేషను గదిలో అంతకుముందు ఏం జరిగిందో దానికి తెలియదు.

జిల్లా కోర్టులో ఒక పంచాయతీదారును నేను క్రాస్ పరీక్ష చేశాను. గొలుసుకు ఎన్ని పేటలున్నాయని అడిగాను. ఆయన సంతకం చూసుకున్నాడు, ఇన్‌స్పెక్టరు కూర్చున్న బెంచీ వైపు చూశాడు, తరువాత ముద్దాయి వైపు చూశాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే చెరువు కింద పొలం. “చీకటి పడిందండి, సరిగా చూళ్లేదు” అన్నాడు. ప్రాసిక్యూటరు లేచి ఆయన్ను ప్రతికూల సాక్షిగా ప్రకటించమని కోర్టును అడిగాడు. ఆయన బోను దిగి, కండువాతో మొహం తుడుచుకుని, బస్సు వేళయిందని వెళ్లిపోయాడు. దొంగల మీద, పోలీసుల మీద, జడ్జీల మీద కూడా కథలు చదివాను. ఆ సంతకం పెట్టిన మనిషి కథ ఇంతవరకు నా చేతికి రాలేదు.